ఒంటిముల్లు వాచీ

"ఫేనెయ్యకు!"

వంటింటి సెగలోంచి బయటపడి, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ స్విచ్చి మీద వేలు పెట్టబోయిన తాయారు అక్కడే ఆగిపోయింది. మే నెల. గరివిడిలో మిట్టమధ్యాహ్నం కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే రోజులు. అటువంటి ఎండలో ఫేను వెయ్యవద్దనే మనిషి భూప్రపంచంలో ఉంటాడా అంటే, ఉన్నాడు. ఆవిడ మెడలో తాళి కట్టినవాడే. భోజనాల బల్ల మీద ఉతికిన తెల్లపంచె పరిచి, కుడికంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ కూర్చున్నాడు జగన్నాధం. ఆయన ముందు విప్పేసిన వాచీ ఒకటి పోస్టుమార్టం చేసినట్టు పడి ఉంది. ముళ్ళు ఒక మూత కింద, డయలు ఒక మూత కింద, మిషను ఒక మూత కింద. ఆ మూతలన్నీ తాయారు పోపులపెట్టెలో గిన్నెలవి. కుంకుమభరిణె మూత కూడా వాటిలో ఉంది.

"ఎగిరిపోతాయి," అన్నాడాయన తల ఎత్తకుండా.

"నా పేణం ఎగిరిపోయినా ఫరవాలేదు గావాల."

"ముల్లు ఆవగింజకన్నా తేలిక. నీ పేణం అంత తేలికేటి?"

ఆవిడ విసురుగా వెనక్కి తిరిగింది. అలా తిరగడం కూడా తప్పే. చీర చెంగు గాలికి బల్ల మీద ఏదో 'టిక్' మంది.

"కదలకు! ఉన్నచోటే ఉండు! స్ప్రింగు పడిపోయింది!"

ఇదీ వరస. స్ప్రింగు పడిందంటే ఇల్లంతా బొమ్మలకొలువు అయిపోవాలి. ఎవరి కాలు ఎక్కడుంటే అక్కడే. ఆయన మోకాళ్ళ మీద పాకుతూ నేలంతా టార్చిలైటు వేసి వెతుకుతాడు. దొరక్కపోతే ఆవిడ చేత ఊడిపించి, ఆ దుమ్మంతా చేటలోకి ఎత్తించి, జల్లెడ పడతాడు. ఏ జల్లెడ? పిండిజల్లెడ. సంక్రాంతికి అరిసెల పిండి జల్లించిన జల్లెడలో ఇప్పుడు ఇంటి దుమ్ము.

ఈ పిచ్చి ఆయనకి మొదటినుంచీ ఉన్నది కాదు. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ కొలిమి వేడి కొలిచే పరికరాలతో ఆయన పని. పెళ్ళినాడు మావగారు పెట్టిన వాచీ ఒక్కటే చేతికుండేది. దానికి పొద్దున్నే కీ ఇవ్వడం, రాత్రి బల్ల మీద పెట్టడం, అంతే. రిటైరైన ఏడాది ఫోనులో ఎవడో కుర్రాడు వాచీ డయలు మార్చడం చూశాడు. అక్కడితో సరి. మొదట పట్టీ మార్చాడు. తరవాత ముల్లు మార్చాడు. ఒక వాచీ డయలు తీసి ఇంకొక వాచీ కేసులో పెట్టాడు. ఉన్న వాచీని ఉన్నట్టుగా చేతికి పెట్టుకున్న పాపాన పోలేదు. సోమవారం ఎర్రముల్లు ఉన్న వాచీకి గురువారం నీలంముల్లు ఉంటుంది. "బాగుంది కదా" అని చూపించి, ఆవిడ "బాగుంది" అనేలోపే మళ్ళీ విప్పేస్తాడు. పూర్తయిన వాచీ అంటే ఆయనకి చద్దన్నంతో సమానం.

మొన్నటికి మొన్న గుడ్డు ఉడకబెట్టమన్నాడు. పాపం, ఒంట్లో నీరసంగా ఉందేమోనని రెండు ఉడకబెట్టి, ఉప్పూ మిరియాలపొడీ జల్లి పట్టుకొచ్చింది. ఆయన వాటిని నీళ్ళకింద కడిగి, ముక్కలు చేసి, ఒక డబ్బాలో వేసి, వాటి పక్కన ఇత్తడి వాచీకేసు పెట్టి మూత బిగించాడు. గుడ్డు ఆవిరికి ఇత్తడి నల్లబడి పాతకాలపు వస్తువులా అవుతుందట. "ఒక్క రోజు" అన్నాడు. మూడోనాటికి వాసనకి పిల్లి కూడా ఆ గది గుమ్మం తొక్కలేదు.

"కొత్త ఇత్తడిని పాతగా సెయ్యడానికి గుడ్లెందుకండీ? నన్ను సూడండి, మీతో కాపరం సేసి ఎలాగయిపోయానో. ఆ డబ్బా నా పక్కన పెట్టీసినా సరిపోయేది."

ఇలా ఆవిడ విసుక్కోవడం, ఆయన భూతద్దంలోంచి నవ్వడం.

ఆవిడ పిచ్చి మాత్రం తక్కువదా అంటే, అదీ చెప్పాలి. తాయారు ఇంటికి వచ్చినవాడు వేళకి గుమ్మం దిగిన దాఖలా లేదు. చెప్పుల్లో కాలు పెడుతూనే "ఉండండి, వర్జ్యం" అంటుంది. వర్జ్యం పోతే దుర్ముహూర్తం. అది లేకపోతే ఎవరో తుమ్మారు. ఎవరూ తుమ్మకపోతే బల్లి అరిచింది. చిన్నప్పుడు తండ్రి రైల్వేలో కళాసీపని దొరికిందని ఖర్గపూర్ వెళ్ళిన తెల్లవారుజామున ఆవిడ నిద్రపోతోంది. పిల్లని లేపడం ఎందుకులెమ్మని ఆయన లేపలేదు. ఆ తరవాత ఆయన రాలేదు, కబురు వచ్చింది. అప్పటినుంచీ ఎవరు గుమ్మం దిగినా ఆవిడకి మళ్ళీ రారేమోనని భయం. కాసేపు ఆపితే ఏదో తప్పిపోతుందని నమ్మకం.

ఈ ఆపడం వల్ల ఎక్కువ నష్టపోయినవాడు ఆవిడ మరిది ధర్మేంద్ర. చెల్లెలు సుహాసిని మొగుడు. రెండు వీధుల అవతలే ఇల్లు. కిందటేడు సొంత మేనల్లుడి పెళ్ళికి పాతపట్నం వెళ్తూ, దారిలో వదినకి చెప్పి వెళ్దామని ఆగాడు. "వర్జ్యం పోనీండి" అని ఆవిడ కూర్చోబెట్టింది. వీళ్ళు పందిట్లో అడుగుపెట్టేసరికి తాళి కట్టడం అయిపోయి, పెళ్ళికొడుకు పాయసం తింటున్నాడు. ఆనాటినుంచి ధర్మేంద్ర ఆ ఇంటివైపు వచ్చినా గుమ్మం బయటినుంచే మాట్లాడేవాడు.

అటువంటి ధర్మేంద్రకి ఉద్యోగం అయిపోయింది. సొంతవూరు పాతపట్నంలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బుధవారంనాడు మకాం ఎత్తేస్తున్నారు. అదే సాయంత్రం నాలుగు దాటాక కొత్తింట్లో పాలు పొంగించాలని ముహూర్తం.

ముప్ఫైయేళ్ళు రెండు వీధుల దూరంలో ఉన్న చెల్లెలు. కూర ఎక్కువైతే గిన్నె అటు, పులుసు ఎక్కువైతే గిన్నె ఇటు. ఎవరి గిన్నె ఎవరిదో ఇద్దరికీ మరపు వచ్చేసింది. పాతపట్నం ఏ పరదేశమూ కాదు, బస్సెక్కితే పూటలో చేరిపోయే ఊరే. అయినా తాయారుకి నెల్లాళ్ళనుంచి కంటిమీద కునుకు లేదు.

ఆ మధ్యాహ్నం, ఫేను లేని ఆ ఉక్కలో, స్ప్రింగు కోసం ఆవిడ రాయిలా నిలబడి ఉన్నప్పుడు సుహాసిని వచ్చింది.

"గుమ్మంలోనే ఆగవే, లోపలికి రాకు! మీ బావ స్ప్రింగు పారేసుకున్నారు."

సుహాసిని గుమ్మంలోనే నిలబడింది. మామూలుగా అయితే నవ్వేది. నవ్వలేదు. చేతిలో గిన్నె అటూ ఇటూ తిప్పింది.

"అప్పా, ఓ మాట సెప్తాను, కోప్పడకు. బుధారంనాడు నువ్వు ఎదురు రావద్దు. ఝాన్సీని రమ్మన్నాను."

తాయారు కదలకూడదన్న సంగతి మరచిపోయింది. రెండడుగులు వేసింది. జగన్నాధం 'అయ్యో' అని నేలమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ప్రయాణమై గుమ్మం దిగేవాళ్ళకి ముత్తయిదువ నిండుబిందెతో ఎదురు రావాలి. సుహాసిని పురిటికి వెళ్ళినా, తీర్థానికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా వీధిమలుపునుంచి నిండుబిందెతో వచ్చేది తాయారే. ఇంకొకరు వచ్చింది లేదు.

"ఝాన్సీయా? మీ పక్కింటి ఝాన్సీయా? నిన్నగాక మొన్న ఆ వాటాలో దిగిన మనిషి నీకు ఎదురొస్తాదా? మరి నానేటి, సచ్చిపోయానా?"

"అలాగనకు. నువ్వొస్తే ఆపుతావు. మీ మరిదికి ఇప్పటినుంచే బి.పి. పెరిగిపోతన్నాది. 'మీ అప్ప వస్తే పాలు పొంగినట్టే, పెరుగు తోడుకుంటాది' అంటన్నారు. మీ ఇద్దరి మద్దిని నానేటి సెయ్యను సెప్పు."

"నానాపను."

"నువ్వాపకుండా ఉండలేవప్పా."

మోకాళ్ళ మీదున్న జగన్నాధం ఆ మాటకి లేచాడు. భూతద్దం నుదుటిమీదికి తోసుకుని మరదలి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు.

"సుహాసినీ, నాది పూచీ. మీ అప్ప వస్తాది. బిందెతో ఎదురు వస్తాది. 'ఉండండి' అనే మాట అనదు. అన్నాదా, అక్కడికక్కడే ఝాన్సీని పిలుసుకో."

"బావా, నువ్వు పూచీ అంటే..."

"వాచీల మీద ఒట్టు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆయన్ని ఎగాదిగా చూశారు. అంత పెద్ద ఒట్టు ఆయన ఎప్పుడూ పెట్టలేదు. సుహాసిని ఒప్పుకుని వెళ్ళింది.

"ఏటండి మీ పూచీ? నా నోటికి తాళం సేయిస్తారా?" అంది తాయారు.

"నోటికి కాదు, సేతికి."

ఆ సాయంత్రమే మొదలెట్టాడు. ఆయన లెక్క ఇది. ఆవిడకి భయం వేళ ఎప్పుడు చెడిపోతుందో తెలియక. ఎప్పుడు చెడ్డదో ఎప్పుడు మంచిదో కంటికెదురుగా చేతిమీదే కనిపిస్తే భయం ఎందుకుంటుంది? వర్జ్యం పనికిరాదు, అది రోజుకోలా మారిపోతుంది, ఏ డయలు మీదా ఎక్కదు. రాహుకాలం అయితే బుద్ధిమంతుడు. ఏ వారానికి ఆ వారం, వచ్చిన వేళకే వస్తాడు, గంటన్నర కూర్చుని పోతాడు.

కేలండరు పక్కన పెట్టుకుని గీసి చూశాడు. సోమవారంది పొద్దున్న ఏడున్నరకి మొదలైంది. అది ముగిసినచోట శనివారంది. అది ముగిసినచోట శుక్రవారంది. అలా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటూ ఆదివారంది సాయంత్రం ఆరుకి వచ్చి ఆగింది. ఏడు రోజుల రాహుకాలాలూ ఒక్క డయలు చుట్టూ పట్టేశాయి. ఒకడి గట్టు ఇంకొకడు తొక్కలేదు.

"ఒసే తాయారూ! ఇలా రా! సూడు సూడు! ఈ డయలు దేవుడే గీసి పంపించాడే!"

ఆవిడ చేతికి శనగపిండితో వచ్చి చూసింది.

"మా అమ్మావాళ్ళు వర్జ్యం సూసేవారు గాని రాహుకాలం ఎవరు సూసారండీ? అది అరవోళ్ళది."

ఆయన మొహం చూడాలి. ఎక్కాలన్నీ అప్పజెప్పాక పంతులు మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నట్టయింది.

"రాహువుకి అరవం తెలుగు ఉంటాదేటే? కేలండర్లో ఏసారా లేదా?"

"ఏసారు."

"మరింక నోర్ముయ్యి."

చీపురుపల్లిలో ఫోటోస్టూడియోవాడి చేత ఆ బొమ్మని పల్చటి కాగితంమీద రంగుల్లో తీయించి, డయలుకి అంటించాడు. సోమవారానికి తెలుపు, మంగళవారానికి ఎరుపు, బుధవారానికి ఆకుపచ్చ, ఇలా. గుడ్లతో నల్లబరిచిన ఇత్తడికేసులో ఆ డయలు పెట్టాడు. అది ఆయన ఎంతో ముచ్చటపడి తనకోసం చేసుకున్న కేసు. పెళ్ళాం కోసం త్యాగం చేశానని నాలుగుసార్లు వినపడేలా అన్నాడు. చిన్నముల్లు ఒక్కటే, అది కూడా వేరే పెద్దవాచీది, ఎర్రటిది, పొడుగుది, కళ్ళజోడు లేకపోయినా కనబడేది.

"పెద్దముల్లు లేదేటి?"

"నీకొద్దు. నిమిషాలు సూస్తే నీకు గుండెదడ. ఈ ముల్లు ఆకుపచ్చలో లేకపోతే బుధారం అంతా మంచిదే. ఆకుపచ్చలోకి వస్తే చెడ్డది. అంతే. చదువురాని గుంటడు కూడా సెప్పగలడు."

ఆశ్చర్యం ఏమిటంటే, ఆవిడకి అది నచ్చింది. చెడ్డవేళ అంటే రోజంతా పొంచి ఉండే దెయ్యమని అనుకుంటూ వచ్చిన మనిషికి, అది గంటన్నర ఉండే చిన్న రంగుముక్క అని చూస్తుంటే గుండె కొంచెం నెమ్మదించింది. కాని ఆ మాట చెల్లెలితో అందే గాని మొగుడితో అనలేదు. అంటే ఆయన్ని పట్టుకోలేము.

మంగళవారం రాత్రి భోజనాలవేళ ఆయన అన్నాడు: "ముల్లు కొంచెం వొదులుగా ఉన్నాది. ఏరే వాచీది కదా, బెజ్జం వెంట్రుకవాసి పెద్దది. ఇంకొక్క రోజియ్యి, బిగించి ఇస్తాను."

"మీ ఒక్క రోజు నాకు తెలీదేటి? గుడ్లు కూడా ఒక్క రోజన్నారు. రేపు పొద్దున్న దాని ప్రయాణం, ఇయ్యండిలా."

లాక్కుని చేతికి పెట్టేసుకుంది.

బుధవారం సామాను లారీ తెల్లవారకుండానే వెళ్ళిపోయింది. మనుషులకి కారు మాట్లాడారు. పదకొండింటికి ప్రయాణం. తాయారు తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, నిండుబిందె చంకన పెట్టుకుని పదకొండు కాకముందే వీధిమలుపులో రేషన్ డిపో నీడన నిలబడింది. నోరు మూసుకుని నిలబడింది. డిపోకి వచ్చిన ఆడవాళ్ళు పలకరిస్తే తల ఊపిందే తప్ప పెదవి కదపలేదు. పదకొండయింది. ఎవరూ బయటికి రాలేదు.

మలుపులోంచి ఆ ఇంటిముందు జరుగుతున్నదంతా కనిపిస్తోంది. ధర్మేంద్ర డ్రైవరుతో డిక్కీ గురించి దెబ్బలాడుతున్నాడు. సుహాసిని ఝాన్సీకి మల్లెపాదు అప్పజెబుతోంది. ఏ పూట నీళ్ళు పొయ్యాలో, ఏ కొమ్మ కత్తిరించాలో చెబుతోంది. చెప్పిందే చెబుతోంది. ఆ ఇంటి డాబామీద జగన్నాధం నీళ్ళటాంకీ వాల్వు కట్టేస్తున్నాడు. బిందె బరువుగా ఉంది. తాయారు ఈ చంకనుంచి ఆ చంకకి మార్చింది. మార్చినప్పుడల్లా వాచీ బిందె అంచుకి 'టంగు' మని తగులుతోంది. మళ్ళీ మార్చింది. మళ్ళీ 'టంగు'.

ఎందుకో వాచీ చూసుకుంది.

ఎర్రముల్లు ఆకుపచ్చ గట్టుమీద ఉంది.

అప్పుడే పన్నెండు కావస్తోందా? ఇంకా ఆ మల్లెపాదు కబుర్లేమిటి? ముల్లు గట్టు దాటితే రాహుకాలం. రాహుకాలంలో గడప దాటితే, కొత్తిల్లు, పాలు... ఆ తరవాత ఆలోచన ఖర్గపూర్ రైలెక్కి ఎక్కడికో పోయింది. నోరు తెరవకూడదు. ఒట్టు. వాచీల మీద ఒట్టు. కాని ఒట్టు దేనికి? 'ఉండండి' అనకూడదనే కదా. 'ఎల్లండి' అనకూడదని ఎవరన్నారు?

"ఓలె సుహాసినీ! బేగి! బేగి ఎక్కండి! బయల్దేరండర్రా!"

వీధివీధంతా తలలు తిప్పింది. నిండుబిందెతో తాయారు పరుగెత్తుకొస్తోంది. అడుగడుక్కీ నీళ్ళు చిమ్ముతున్నాయి. పట్టుచీర సగం తడిసిపోయింది. ఇంటిముందుకొచ్చేసరికి బిందెలో చారెడు నీళ్ళు లేవు. దాన్ని గోడవార పడేసి, చెల్లెలి జబ్బ పట్టుకుని లాగింది.

"మల్లెపాదు దాని బతుకు అది బతుకుతాది! ఎక్కు!"

"అప్పా..." సుహాసిని చేతులు చాపింది. తాయారు ఆ చేతుల్లో హాండుబాగ్ పెట్టింది.

"అప్పా, ఒక్క మాట..."

"మాటలు ఫోన్లో! ఎక్కమంటన్నానా!"

ధర్మేంద్ర నోరు తెరిచి వదినని చూశాడు. ఆయన చేతిలో ఫోనుంది, అందులో టైమూ ఉంది. ఒక్క క్షణం దానివంక చూశాడు, వదినవంక చూశాడు, గబుక్కున ఫోను జేబులో పెట్టేశాడు.

"మీ అప్ప ఎల్లమంటంటే ఇంకా సూస్తావేటే? ఇటువంటి అదృష్టం మళ్ళీ రాదు. ఎక్కు!"

కారు తలుపు పడింది. అద్దంలోంచి సుహాసిని మొహం కనిపించింది. తాయారు ఆ మొహం చూడలేదు. వాచీ చూస్తోంది. ముల్లు గట్టు దాటలేదు. 'అమ్మయ్య' అనుకుని తల ఎత్తేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

జగన్నాధం చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

"ఏటి, కారేది?"

"ఎల్లిపోయారు. పన్నెండు కాకముందే పంపించీసాను," అంది తాయారు రొప్పుతూ. ఆవిడ గొంతులో గర్వం కూడా ఉంది.

"పన్నెండేటి?"

ఆయన ఖాళీ అయిన ఆ ఇంటి వసారా గోడవంక చూశాడు. గడియారం ఉన్నచోట మేకూ, తెల్లటి చదరపు మచ్చా ఉన్నాయి. తన చేతి వాచీ చూసుకున్నాడు. పదకొండుంబావు కూడా కాలేదు. ఆవిడ మణికట్టు పట్టుకుని, వాచీ అద్దంమీద గోటితో కొట్టాడు. ఎర్రముల్లు పందిరికి వేలాడే బీరకాయలా ఊగింది. చెయ్యి వంచితే పన్నెండు మీదికి, ఎత్తితే పదకొండు మీదికి.

"వొదులుగా ఉన్నాదని సెప్పేనా లేదా?"

తాయారుకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థం కాగానే ఇంత విసుగు ఆవిడ జన్మలో పడలేదు. ఆయన మీద, వాచీ మీద, అన్నిటికన్నా తనమీద.

"వొదులుగా ఉన్న ముల్లు ఎవరైనా మనిషి సేతికిస్తారా? మీ ఫ్యాక్టరీలో ఇలాగే కొలిసేవారా? కొలిమి ఎలాగ పేలిపోలేదో!"

"లాక్కున్నదెవరు?"

"ఇచ్చిందెవరు? ముప్ఫైయేళ్ళ సెల్లెలు! ముండమొయ్యా, దాని మొగం నాను సూడనేలేదు! ఏదో మాటంది, ఇనలేదు! చెయ్యి సాపింది, బేగు పెట్టాను!"

గోడవార ఖాళీబిందె దొర్లి పడి ఉంది. ఆవిడ కన్ను దాని మీద పడింది. ఎదురు రాలేదు. తను రాలేదు, ఝాన్సీని తనే వద్దనిపించింది. ఎవరూ ఎదురు లేకుండా, వట్టి బిందె చూసి వెళ్ళింది చెల్లెలు. మనుషులు లేని ఆ ఇంటి మెట్టుమీద చతికిలబడింది. ఏడవలేదు. పళ్ళు బిగించుకుని కూర్చుంది.

తరవాత లేచింది. ఝాన్సీ వాళ్ళ బోరింగు దగ్గరికి వెళ్ళి బిందె నింపింది.

"స్కూటరు తియ్యండి."

"ఎక్కడికే? నీళ్ళబిందెతోనా?"

"వట్టి బిందెతో ఎదురొస్తారేటి? తియ్యండి!"

బిందె స్కూటరు ముందు ఆయన కాళ్ళమధ్య కూర్చుంది. ప్రతి గతుక్కీ ఓ దోసెడు నీళ్ళు ఆయన పేంటు మీద పడ్డాయి. "నెమ్మది, నీళ్ళు పోతన్నాయి" అని ఒకసారి, "బేగి పోనీండి" అని ఒకసారి వెనకనుంచి పోటు. ఆయన రెండూ ఒకేసారి చెయ్యలేక, "దిగి నువ్వే నడుపు" అని ఒకసారి అన్నాడు.

ఊరు దాటగానే రైలుగేటు. గేటు పడి ఉంది. లారీలు, ఆటోలు, కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆ వరసలో తెల్లకారు, వెనక అద్దంలో సుహాసిని కొప్పు.

"అదిగో! పిలువు," అన్నాడు జగన్నాధం.

ఆవిడ వెనకనుంచి ఆయన నోరు చేత్తో మూసింది.

"ఎనకనుంచి పిలుస్తారేటి, ప్రయాణమై ఎల్లే మనిషిని! ముందుకి పోనీండి. ముందుకి!"

"ముందు గేటున్నాది."

"గేటుదాకా."

ఆయన తిట్టుకుంటూ లారీ పక్కనుంచి, ఆటో పక్కనుంచి, రోడ్డుమార్జిన్లో కంకరమీదుగా స్కూటరు దూర్చాడు. తెల్లకారు పక్కనుంచి పోతున్నప్పుడు ఆవిడ చెంగు మొహంమీదికి లాక్కుంది, ఇప్పుడే చూసేస్తే ఎదురు ఎలా అవుతుంది? గేటుకడ్డీ దగ్గర దిగింది. చీర సర్దుకుంది. బొట్టు చెరిగిందేమోనని తడిమి చూసుకుంది. బిందెలో నీళ్ళు రెండు వేళ్ళు తక్కువగా ఉన్నాయి. పక్కన ఆటోలో కూర్చున్న ఆడమనిషి తన సీసాలో నీళ్ళు అందులో వంచింది, ఎందుకని అడగలేదు. చూస్తే తెలియదా?

ఆ తరవాత తాయారు గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, నిండుబిందె చంకన పెట్టుకుని, వాహనాల మధ్య తొందర లేకుండా నడుచుకుంటూ తెల్లకారుకి ఎదురు వచ్చింది.

ముందుసీట్లో ఉన్న ధర్మేంద్ర నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అయిపోయింది. వొచ్చీసింది."

సుహాసిని కారు దిగిపోయింది. తాయారు మాట్లాడలేదు. ఏ మాట నోట్లోంచి వస్తే 'ఉండండి' అయిపోతుందోనని భయం. బిందె దించి నిలబడింది.

"గంట మిగిల్చానప్పా," అంది సుహాసిని. "పన్నెండుకి బయల్దేరినా సరిపోతాది. మీ మరిదికి పదకొండని సెప్పాను. నువ్వు ఎలాగూ ఆపుతావు కదా, ఓ గంట ఆపుతావు కదా అని. ఆ మల్లెపాదు గురించి ఎంతసేపు మాటాడను సెప్పు? నువ్వు మలుపులో బొమ్మలాగ నిలబడ్డావు. ఆఖరికి వొచ్చి తరిమీసావు."

"అమ్మ దొంగా!" అన్నాడు ధర్మేంద్ర కారులోంచి.

గూడ్సుబండి వచ్చింది. నల్లటి రాయి నింపుకున్న వేగన్లు ఒకదాని వెనక ఒకటి, దడదడమంటూ, నేల అదురుతూ. మాట వినబడే వీలు లేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. తాయారు చెల్లెలి మొహంవంక చూసింది. బాగా, తీరిగ్గా, నుదుటిమీది చెమటా, చెవిదగ్గర తెల్లవెంట్రుకలూ అన్నీ చూసింది. గూడ్సు అయిపోతుందేమోనని ఒకసారి అటు చూసింది. ఇంకా వస్తూనే ఉంది.

అది కాస్తా అయిపోయింది. గేటు లేచింది. వెనకనుంచి లారీవాడు హారన్ కొట్టాడు, వాడి వెనకవాడు కొట్టాడు.

"ఏ రంగులో ఉన్నామప్పా?" అంది సుహాసిని అప్ప మణికట్టు అందుకోబోతూ.

తాయారు వాచీమీద అరచెయ్యి మూసింది.

"మంచిదే. ఎల్లిరా."

చెల్లెలు ఎక్కేదాకా ఉండి, బిందె ఎత్తుకుని, కారు ముందునుంచి పక్కకి తొలగింది. కారు పట్టాలమీద ఎగిరి, అటువైపు దిగి, లారీల దుమ్ములో కలిసిపోయింది. ఆవిడ 'ఉండండి' అనలేదు. మళ్ళీ రారేమోనన్న భయం ఉండనే ఉంది, అది ఎక్కడికీ పోలేదు.

జగన్నాధం తడిసిన పేంటు దులుపుకుంటూ వచ్చాడు.

"ఆ వాచీ ఇలాగియ్యి. ఇంటికెళ్ళగానే ముల్లు బిగించీస్తాను. ఒక్క రోజు. కావాలంటే పెద్దముల్లు కూడా..."

"ముట్టుకున్నారంటే ఊరుకోను."

"వొదులు ముల్లు వాచీ ఏటి సేసుకుంటావే?"

ఆవిడ మిగిలిన నీళ్ళు గేటుపక్క తుమ్మమొక్క మొదట్లో వంచి, ఖాళీబిందె ఒళ్ళో పెట్టుకుని స్కూటరు ఎక్కింది. సగందూరం వచ్చాక ఆయన వీపుని మోచేత్తో పొడిచింది.

"ఇదిగో, ఇంటికెళ్ళగానే ఫేను వేస్తాను. ఫుల్లు మీద వేస్తాను. ఎగిరిపోయేవన్నీ ఎగిరిపోనీండి."

ఆయన ఓ గతుకు తప్పించాడు.

"ఎయ్యి," అన్నాడు తరవాత. "మూతలన్నీ పెట్టీసే వొచ్చాను."